ఏడాది పొడవునా సోలార్ వేన్నీళ్లు: ఇంట్లో గీజర్లు తీసేయవచ్చా?

ప్రశ్న – నేరేడ్‌మెట్, హైదరాబాదు

మాది నేరేడ్‌మెట్‌లో రెండంతస్తుల సొంత ఇల్లు. కింద మా అత్తగారు, మామగారు ఉంటారు. పైన మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు ఉంటాం. మూడు స్నానాల గదుల్లోనూ గీజర్లు ఉన్నాయి. డాబా మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించి, వీలైతే గీజర్లను పూర్తిగా తీసేయాలని మా ఆలోచన. అయితే విచారించిన కొద్దీ ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొంతన కుదరడం లేదు. అందుకే ఏళ్ల తరబడి వాడుతున్నవారి, ఈ పని తెలిసినవారి సలహా కోసం ఇక్కడ రాస్తున్నాను.

వానాకాలంలో కూడా సరిపోవాలంటే 300 లీటర్లది తీసుకోమని మా ప్లంబరు అంటున్నాడు. ఒక దుకాణంలో, ఎండను పట్టి నీళ్లు కాచే భాగం గాజు ట్యూబులతో చేసిన రకమే మేలన్నారు, ఇంకొక చోట రాగి పలకల రకం తప్ప వేరేది వద్దన్నారు. మా ట్యాంకులోకి బోరు నీళ్లు, జలమండలి నీళ్లు రెండూ కలిసే వస్తాయి. బోరు నీళ్ల వల్ల కుళాయిల మూతుల దగ్గర తెల్లటి గార కడుతోంది. పక్కింటివారికి సోలార్ ఉంది గానీ, శ్రావణంలో ముసురు పట్టిందంటే నీళ్లు గోరువెచ్చగానైనా రావని ఆవిడ చెబుతారు. మామగారు ఏ కాలంలోనైనా తెల్లవారుజామున అయిదింటికల్లా స్నానం ముగించి పూజకు కూర్చుంటారు. ఆయన స్నానాల గదికి డాబా మీది నుంచి పైపు దాదాపు 20 మీటర్లు రావాలి. ఈ పరిస్థితిలో పన్నెండు నెలలూ సోలార్ మీద ఆధారపడవచ్చా? ఎన్ని లీటర్లది, ఏ రకం తీసుకోవాలి?

సమాధానం 1 – విశ్రాంత ఇంజనీరింగ్ అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, సోలార్ వేన్నీళ్లు అనగానే అందరూ చలికాలం గురించి భయపడతారు గానీ, తెలంగాణలో చలికాలం ఈ పరికరానికి అనుకూలమైన కాలమే. డిసెంబరు, జనవరి నెలల్లో గాలి ఎంత చల్లగా ఉన్నా ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ సూటిగా పడుతుంది, పరికరానికి కావలసింది ఆ ఎండే తప్ప గాలిలోని వెచ్చదనం కాదు. ఇబ్బంది పెట్టేది జూలై, ఆగస్టు నెలల్లో వరుసగా నాలుగైదు రోజులు సూర్యుడు కనిపించకుండా పట్టే ముసురు. మీ పక్కింటి ఆవిడ చెప్పినది నిజమే, అది ఆ పరికరం లోపం కాకపోవచ్చు.

లీటర్ల సంగతి లెక్క వేసి చూద్దాం. డిసెంబరులో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలు, సోలార్ నీళ్లు 58 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, స్నానానికి సరిపడే 40 డిగ్రీల నీళ్లు 20 లీటర్ల బకెట్టు నిండా కావాలంటే సగం వేడివి, సగం చల్లవి కలిపితే చాలు. అంటే బకెట్టుకు 10 లీటర్ల వేన్నీళ్లు. ఆరుగురూ తలా రెండు బకెట్లు పోసుకున్నా 120 లీటర్లు దాటవు, వంటింటి సింకుకు కొంత వాడినా 200 లీటర్ల పరికరం మీకు ధారాళంగా సరిపోతుంది. ఆ 200 లీటర్లను 22 నుంచి 58 డిగ్రీలకు తేవడానికి కరెంటైతే సుమారు ఎనిమిదిన్నర యూనిట్లు ఖర్చవుతాయి, కాబట్టి చలికాలంలో రోజూ మీకు మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు.

ఇక వానాకాలం కోసం 300 లీటర్లది తీసుకోవాలన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బు వృథా చేసుకుంటున్నారు. పెద్ద పరికరంలో ట్యాంకుతో పాటు ట్యూబులూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి. ముసురు రోజున 200 లీటర్లది తనలోని నీటిని ఎన్ని డిగ్రీలు పెంచగలదో, 300 లీటర్లదీ దాదాపు అన్నే డిగ్రీలు పెంచగలదు. మీకు అదనంగా దక్కేది ఇంకో 100 లీటర్ల గోరువెచ్చని నీళ్లే తప్ప వేడి నీళ్లు కావు. ముందురోజు ఎండ కాసి ట్యాంకులో వేడి నీళ్లు మిగిలి ఉంటే మొదటి మబ్బు రోజు గట్టెక్కవచ్చు, రెండో రోజుకు ఆ వెసులుబాటు కూడా ఉండదు. మబ్బు రోజుల కొరతను లీటర్లతో తీర్చలేం. దానికి వేరే ఆధారం ఒకటి ఉండి తీరాలి, కనుక గీజర్లన్నీ తీసేయకండి. వానాకాలంలో ట్యాంకు నీళ్లు చలికాలమంత చల్లగా ఉండవు కాబట్టి ఆ గీజర్ మీద పడే భారం కూడా తక్కువగానే ఉంటుంది.

పరికరాన్ని దక్షిణ ముఖంగా, కాస్త నిటారుగా, దాదాపు 30 డిగ్రీల వాలుతో బిగించమనండి. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, దానికి పది పదిహేను డిగ్రీలు కలిపితే చలికాలపు ఎండ ట్యూబుల మీద సూటిగా పడుతుంది. జూన్ నెలలో మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళతాడు కాబట్టి, ఈ వాలు వల్ల అప్పుడు అవసరం లేని వేడి కొంత తగ్గుతుంది కూడా. చోటు ఎంచుకునేటప్పుడు మెట్ల గది నీడను తప్పకుండా చూడండి. డిసెంబరు నెలాఖరులో ఉదయం తొమ్మిది ప్రాంతంలో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు మూడు మీటర్ల గోడ నీడ అయిదు మీటర్లకు పైగా సాగుతుంది. వేసవిలో వచ్చి చూసి, నీడ లేదని చెప్పిన చోటే సంక్రాంతి నాటికి సగం పూట నీడలో ఉండిపోవచ్చు.

మీ మామగారి తెల్లవారుజాము స్నానానికి వచ్చేవి ముందురోజు మధ్యాహ్నం కాగిన నీళ్లు. ట్యాంకు చుట్టూ రెండంగుళాల మందాన మంచి పఫ్ (వేడి బయటకు పోకుండా ఆపే నురుగు పొర) ఉంటే రాత్రంతా గడిచినా కొన్ని డిగ్రీలు మాత్రమే పడిపోతాయి. అయితే రాత్రిపూట మిగతావారు ఎక్కువ వేన్నీళ్లు వాడేస్తే, వాడినంత మేరా కింది నుంచి చన్నీళ్లు చేరి ట్యాంకు మొత్తం చల్లబడుతుంది, తెల్లవారేదాకా దాన్ని వేడి చేయడానికి ఎండ ఉండదు. సాయంత్రపు వాడకం ఎంతో ముందే చూసుకోవడం అవసరం.

సమాధానం 2 – సోలార్ బిగింపు పని చేసేవాణ్ని, ఉప్పల్

మాస్టారు చెప్పిన లీటర్ల లెక్కతో నేనూ ఏకీభవిస్తున్నాను. నేను నీళ్ల సంగతి, పైపుల సంగతి చెబుతాను, ఎందుకంటే నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం హీటరువి కావు, వీటివే.

రాగి పలకల రకంలో నీళ్లు పారే నిలువు గొట్టాలు అర అంగుళం వ్యాసం ఉంటాయి. బోరు నీళ్లలోని సున్నం వేడికి విడిపోయి ఆ గొట్టాల లోపలి గోడకు పట్టుకుంటుంది, 60 డిగ్రీలు దాటితే ఇంకా వేగంగా పట్టుకుంటుంది. ఒకసారి మూసుకుపోయిన గొట్టాన్ని ఆమ్లంతో కడిగించాలి. గాజు ట్యూబుల్లోనూ గార చేరుతుంది గానీ, ట్యూబు లోపలి వైశాల్యం ఎక్కువ కాబట్టి మూసుకుపోదు, అడుగున మడ్డిలా కూర్చుంటుంది. ట్యూబును ఊడదీసి కడగవచ్చు, పాడైతే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. అందువల్ల బోరు నీళ్లే దిక్కయిన ఇంటికి నేను గాజు ట్యూబులవి సూచిస్తాను, లేదా వేడి మార్పిడి జాకెట్ ఉన్న రాగి పలకలవి సూచిస్తాను. రెండో దానిలో పలకల గుండా వేరే శుభ్రమైన ద్రవం తిరుగుతుంది, మీ నీళ్లు ట్యాంకులోనే ఉంటాయి, ధర మాత్రం ఎక్కువ.

మీ విషయంలో ఇంతకన్నా సులువైన మార్గం ఉంది. జలమండలి నీళ్లు వస్తున్నాయన్నారు కదా, వాటి కోసం డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఒకటి వేరుగా పెట్టి, సోలారుకు ఆ నీళ్లు మాత్రమే ఇవ్వండి. రోజుకు అయ్యే ఖర్చు 200 లీటర్లే కాబట్టి రోజు విడిచి రోజు నీళ్లు వదిలినా ఇది చాలు. ఈ చిన్న ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే వేన్నీళ్ల ట్యాంకు పూర్తిగా నిండదు. ఏం చేసినా ముందు నీటిని పరీక్ష చేయించండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, మీకు కావలసింది కాఠిన్యం, అంటే గార కట్టించే సున్నంలాంటి లవణాల అంకె. తాగునీటి ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిదంటుంది, వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. 600 దగ్గరగా ఉన్న నీళ్లు తాగడానికి పనికొచ్చినా సోలారుకు మాత్రం శత్రువులే. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉందో లేదో అడగండి. ట్యాంకు లోహాన్ని తినవలసిన ఉప్పు ముందు ఆ కడ్డీని తింటుంది, ఏడాదికొకసారి తీసి చూసి, కరిగిపోతే కొత్తది వేయించాలి.

20 మీటర్ల పైపు గురించి. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేన్నీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) పైపులో 20 మీటర్ల పొడవున దాదాపు అయిదు లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి, కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆ అయిదు లీటర్లు చల్లగా పోయాకే వేడివి వస్తాయి. అదే అర అంగుళం పైపైతే నిలిచేవి రెండున్నర లీటర్లలోపే. కింది అంతస్తుకు పైనుంచి ఒత్తిడి బాగానే ఉంటుంది కాబట్టి మామగారి గదికి అర అంగుళం లైను విడిగా వేయించవచ్చు. మామూలు యూపీవీసీ పైపు వేన్నీళ్లకు పనికిరాదు, వేడికి మెత్తబడి వంగుతుంది. డాబా మీద, బయటి గోడ మీద వెళ్లే పైపంతటికీ నల్లటి నైట్రైల్ ఫోమ్ తొడుగు వేసి, ఎండకు చిట్లకుండా పైన అల్యూమినియం టేపు చుట్టించండి. తొడుగు డబ్బు మిగుల్చుకుందామని చూసే ఇళ్లలో ట్యాంకులో 60 డిగ్రీలున్నా కింది బకెట్టులో 45 కూడా రావు.

ఇంకో మూడు సంగతులు కాగితం మీద రాసుకుని, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడండి. వేన్నీళ్ల ట్యాంకు నుంచి పైకి లేచే గాలి గొట్టం చివర, చన్నీళ్ల ట్యాంకు నీటి మట్టం కన్నా ఎత్తులో, మూత లేకుండా ఉండాలి. చన్నీళ్లు సోలారులోకి వెళ్లే దారిలో వాల్వుతో పాటు, నీళ్లు వెనక్కి మళ్లకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు కూడా ఉండాలి. ఇంట్లో ప్రెషర్ పంపు ఉంటే ముందే చెప్పండి, మామూలు ట్యాంకు ఆ ఒత్తిడికి తట్టుకోదు. పంపు చన్నీళ్ల లైనుకే ఉండి వేన్నీళ్లకు లేకపోతే, షవర్ మిక్సర్‌లో చన్నీళ్లు వేన్నీళ్ల పైపులోకి ఎదురు నెట్టుకుపోతాయి. సోలార్ పనిచేయడం లేదంటూ నన్ను పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల జరిగింది ఇదే.

సమాధానం 3 – బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం

కర్ణాటకలో ఒక పరిమాణం దాటిన కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటరును తప్పనిసరి చేసినందువల్ల మా వీధిలో అది లేని డాబా అరుదు. మా ఇంట్లో కూడా ఏళ్లుగా వాడుతున్నాం. గీజర్ ఉంచుకోమన్న సలహా సరైనదే, అయితే ఆ ఆధారాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నదే ఖర్చును నిర్ణయిస్తుంది.

చాలామంది సోలార్ ట్యాంకులోనే కరెంటుతో వేడెక్కే రెండు కిలోవాట్ల కాయిల్ వేయిస్తారు. అది స్విచ్ వేస్తే మొత్తం 200 లీటర్లనూ వేడి చేస్తుంది. ఇరవై డిగ్రీలు పెంచాలంటే రెండు గంటలకు పైగా, నాలుగున్నర యూనిట్ల పైచిలుకు కరెంటు తీసుకుంటుంది, ఆ పూట ఇంట్లో ఇద్దరే స్నానం చేసినా ఖర్చు అంతే. పైగా థర్మోస్టాట్ (నీళ్లు చల్లారగానే తానే కరెంటు వేసే మీట) మీద వదిలేస్తే రాత్రంతా నీళ్లను కరెంటుతోనే వేడిగా ఉంచుతుంది, తెల్లారి ఎండ వచ్చేసరికి ట్యాంకు ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి ఎండ చేసే పని తగ్గిపోతుంది. అందుకని మేము కాయిల్ జోలికి పోకుండా, స్నానాల గదిలో పాత 15 లీటర్ల గీజరునే ఉంచి, సోలార్ లైను, గీజర్ లైను రెండూ వాల్వులతో వేరు చేసుకున్నాం. ఎండ ఉన్న రోజుల్లో గీజర్ వాల్వు మూసి ఉంటుంది. ముసురు రోజుల్లో సోలార్ వాల్వు మూసి, గీజర్ వేసుకుంటాం. సోలార్ నీటిని నేరుగా గీజరులోకి పంపించే పద్ధతి కూడా ఉంది, గోరువెచ్చని నీళ్లకు అదనపు వేడి మాత్రమే ఇస్తుంది కాబట్టి కరెంటు ఇంకా ఆదా అవుతుంది. కాకపోతే వేసవిలో 70 డిగ్రీలు దాటిన నీళ్లు లోపలికి వస్తాయి, మీ గీజరు అంత వేడి నీటిని తీసుకోగలదో లేదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

మీ మామగారి గదికి మాత్రం మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరైనా తప్పక ఉంచండి. పెద్దవయసు వారు తెల్లవారుజామున నీళ్ల కోసం ఎదురుచూడకూడదు.

సమాధానం 4 – నెల్లూరు

హైదరాబాదుకు సంబంధించిన విషయమే అయినా, ఇది చదివే కోస్తావారి కోసం ఒక మాట రాస్తున్నాను. మా నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వేన్నీళ్లు కావాలనిపించే కార్తీక, మార్గశిర మాసాలలోనే అల్పపీడనాలు పట్టి మబ్బు కమ్ముకుంటుంది. తెలంగాణలో ముసురు ఒక కాలంలో, చలి మరో కాలంలో వస్తే, మాకు రెండూ కలిసి వస్తాయి. కాబట్టి ఇక్కడ గీజర్ ఇంకా అవసరం. సముద్రానికి దగ్గరైతే ఇనుప స్టాండు రంగు మీద ఆధారపడకుండా గాల్వనైజ్ చేసినదే తీసుకోవాలి, తుఫాను గాలికి లేవకుండా కాళ్లను కాంక్రీటు దిమ్మెల్లో బిగించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 200 లీటర్లది, గాజు ట్యూబులది, జలమండలి నీళ్లకు వేరే ట్యాంకు, మామగారి గదికి అర అంగుళం లైను అనే నిర్ణయానికి దాదాపు వచ్చేశాం. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. కేంద్ర ప్రభుత్వ పథకం కింద సోలార్ కరెంటు ప్యానెళ్లు పెట్టించుకుని, గీజర్లను ఆ కరెంటుతోనే వాడుకోవడం మేలని మా వారి స్నేహితుడు అంటున్నారు. రెండోది, మా కాలనీలో కోతుల బెడద ఉంది, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు మరీ మరిగిపోతే చిన్నపిల్లలతో ఎలా?

సమాధానం 1 రాసినవారు

ఆ స్నేహితుడి మాటను తోసిపుచ్చలేం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. వాటర్ హీటర్లు ఆ పథకంలో లేవు. పైగా నెట్ మీటర్ (మీరు వాడుకోగా లైనులోకి తిరిగి పంపిన కరెంటును లెక్కకట్టే మీటరు) ఉంటే వేసవిలో మిగిలిన కరెంటు లెక్కలోకి వస్తుంది, వాటర్ హీటరులో మిగిలిన వేడి ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఇది ప్యానెళ్ల వైపు బలమైన వాదన.

అయితే డాబా మీద చోటును కూడా చూడాలి. ఎండలో అయిదో వంతును ప్యానెల్ కరెంటుగా మారిస్తే, ట్యూబులు దాదాపు సగాన్ని వేడిగా మార్చగలవు. మీ 200 లీటర్ల పరికరానికి కలెక్టరు, అంటే ఎండను పట్టే భాగం, నాలుగు చదరపు మీటర్లుంటే చాలు. కిలోవాట్ ప్యానెళ్లకు పది చదరపు మీటర్ల దాకా కావాలి, అవి మంచి ఎండ రోజున ఇచ్చేవి సుమారు నాలుగు యూనిట్లు. అంటే మీ చలికాలపు నీళ్లకే రెండు కిలోవాట్లకు పైగా పోతాయి. హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే యంత్రం) వాడితే ఆ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది గానీ, ఆ యంత్రం ధర సోలార్ వాటర్ హీటరు కంటే బాగా ఎక్కువ. ఇద్దరే ఉండి, వేన్నీళ్లు కొద్దిగా వాడే ఇంటికైతే ప్యానెళ్లే పెట్టుకోమంటాను. ఆరుగురు రోజూ వేన్నీళ్ల స్నానం చేసే ఇంటికి వాటర్ హీటరు వేయించుకుని, మిగిలిన డాబా మీద తర్వాత ప్యానెళ్లు పెట్టుకోవడం నా దృష్టిలో సరైన వరుస. రెండింటికీ దక్షిణపు ఎండే కావాలి కాబట్టి, హీటరును ఒక మూలకు జరిపి, ప్యానెళ్ల చోటును ఇప్పుడే వదిలి ఉంచండి.

సమాధానం 2 రాసినవారు

కోతుల విషయం తేలికగా తీసుకోవద్దు. గాజు ట్యూబు ఒక్కటి పగిలినా ఆ రంధ్రం గుండా 200 లీటర్లూ కారిపోతాయి, తర్వాత పై ట్యాంకు కూడా ఖాళీ అవుతుంది. అందుకే చన్నీళ్ల వాల్వు స్టాండు కింద, నిచ్చెన లేకుండా చెయ్యి అందే చోట ఉండాలి. ట్యూబుల పైన జానెడు ఎత్తున వెడల్పు కన్నాల జాలీ పెట్టిస్తే కోతులకూ, వడగళ్లకూ కొంత రక్షణ, నీడ పెద్దగా పడదు. కోతులు గుంపులుగా తిరిగే కాలనీ అయితే మాత్రం నా సలహా మార్చుకుంటాను: మందపాటి టఫెన్డ్ గాజు ఉన్న రాగి పలకలదే తీసుకోండి, మీరు ఎలాగూ సున్నం తక్కువుండే జలమండలి నీళ్లు విడిగా ఇస్తున్నారు కాబట్టి గార భయం తక్కువ.

వేసవిలో నీళ్లు 75, 80 డిగ్రీలకు పోతాయి, అవి చర్మం మీద పడితే క్షణాల్లో కాలుతుంది. పిల్లల స్నానాల గదికి వెళ్లే లైనులో థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టించి 42 డిగ్రీల దగ్గర బిగిస్తే, కుళాయి ఎవరు ఎలా తిప్పినా అంతకు మించి రావు. దానితో పాటు మార్చి చివర్లో సగం ట్యూబులను, లేదా రెండు పలకల్లో ఒకదాన్ని, తెల్లటి మందపు గుడ్డతో కప్పి కట్టేయండి. వేసవి అని ట్యాంకు ఖాళీ చేసి మాత్రం వదలకండి. నీళ్లు లేని ట్యూబు ఎండలో 200 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఎవరైనా చన్నీళ్ల వాల్వు తిప్పితే గాజు పగులుతుంది. మొదటిసారి నింపినా, మరమ్మతు తర్వాత నింపినా, ట్యూబుల మీది దుమ్ము కడిగినా సూర్యోదయానికి ముందే ఆ పని ముగించాలి.

నీటి పరీక్ష ఫలితం వచ్చాక కాఠిన్యం అంకె, డాబా కొలతలు, మెట్ల గది ఏ దిక్కున ఉందో ఇక్కడ రాయండి, ట్యాంకు ఎక్కడ నిలబెట్టాలో చెబుతాను.